శాన్‌ఫ్రాన్సిస్కో సెవెంత్ స్ట్రీట్ ఫెడరల్ కోర్టు భవనం: తరచుగా అడిగే ప్రశ్నలు

శాన్‌ఫ్రాన్సిస్కోలో సివిక్ సెంటర్ బార్ట్ రైలు స్టేషన్‌లో దిగి మార్కెట్ స్ట్రీట్ దాటి కొంచెం దూరం నడిస్తే, సెవెంత్, మిషన్ వీధుల మూల మీద ఒక తెల్ల గ్రానైట్ భవనం కనిపిస్తుంది. దాని అధికారిక పేరు జేమ్స్ ఆర్. బ్రౌనింగ్ యు.ఎస్. కోర్ట్‌హౌస్. బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటుకు అమెరికాలోని భారతీయులు పెట్టుకున్న గదర్ పార్టీ గురించి చదివినవాళ్ళు, ఇమిగ్రేషన్ తీర్పుల వార్తలు చూసినవాళ్ళు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపిద్దామనుకునేవాళ్ళు దీని గురించి అడుగుతూనే ఉంటారు. అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు. చాలామంది పాలరాయి చూడ్డానికి వెళ్తారు. నాకు మాత్రం ఆ పాలరాతి గదుల్లో ఎవరెవర్ని బోనెక్కించారన్నదే అసలు కథ. అందుకే విచారణల భాగం మిగతావాటికంటే పెద్దదైంది.

## కట్టిన రోజులు

పాత ఫోటోల కింద "పోస్టాఫీసు" అని ఉంటుంది. ఇది కోర్టా, పోస్టాఫీసా?

మొదట్నుంచీ రెండూ. ఆ కాలంలో ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఒక ఊళ్ళో భవనం కట్టిందంటే తపాలా, కోర్టు ఒకే కప్పు కింద ఉండడం మామూలే. కింద ఉత్తరాలు, పై అంతస్తులో న్యాయమూర్తులు. జనానికి రోజూ పని పడేది తపాలాతోనే కాబట్టి ఊళ్ళో అందరూ దీన్ని పోస్టాఫీసనే పిలిచేవారు. జిల్లా స్థాయి ఫెడరల్ కోర్టు 1960లలో గోల్డెన్ గేట్ అవెన్యూలోని కొత్త భవనానికి మారింది. పోస్టాఫీసు 1989 భూకంపంతో ఖాళీ చేసింది, మళ్ళీ రాలేదు. ఇప్పుడిక్కడ ఉన్నది పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీళ్ళు వినే నైన్త్ సర్క్యూట్ కోర్టు.

ఊరి మధ్యలో కాకుండా ఈ మూలన ఎందుకు కట్టారు?

ఈ స్థలం ఎంచుకున్నప్పుడు, అంటే 1891లో, ఊళ్ళో పెద్దలు అడిగిందీ ఇదే. బ్యాంకులు, పెద్ద దుకాణాలు మార్కెట్ స్ట్రీట్‌కు ఉత్తరాన ఉండేవి. దక్షిణాన కూలీల ఇళ్ళు, చిన్న కార్ఖానాలు, చవక లాడ్జీలు. అంత గొప్ప ప్రభుత్వ భవనాన్ని అక్కడ పెట్టడమేమిటని చాలా గొణుక్కున్నారు. నేల కూడా అంత మంచిది కాదు. చుట్టుపక్కల చాలా భాగం ఒకప్పటి చిత్తడి, పూడ్చిన కాలువలు. ఆ సంగతి 1906లో అందరికీ తెలిసొచ్చింది. ఇప్పటికీ ఆ పరిసరాలు ఊళ్ళోకెల్లా శుభ్రమైనవేం కావు. పక్క వీధి సిక్స్త్ స్ట్రీట్ ఎలా ఉంటుందో అక్కడుండేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఎవరు కట్టారు? ఎంత ఖర్చయింది?

నమూనా జేమ్స్ నాక్స్ టేలర్ కార్యాలయం నుంచి వచ్చింది. అప్పట్లో దేశంలోని ఫెడరల్ భవనాలు ఖజానా శాఖలోని పర్యవేక్షక ఆర్కిటెక్టు చేతి మీదుగా నడిచేవి. టేలర్ 1897లో ఆ పదవిలోకి వచ్చాడు, అదే ఏడాది ఇక్కడ పని మొదలైంది. 1905లో తలుపులు తెరిచారు. ఖర్చు దాదాపు 25 లక్షల డాలర్లు, అప్పటి లెక్కలో కళ్ళు తిరిగే మొత్తం. మొజాయిక్, పాలరాయి పనికి ఇటలీ నుంచి పనివాళ్ళను రప్పించారు.

పోస్టాఫీసుకు ఇంత హంగు దేనికి?

పోస్టాఫీసుకు కాదు, ప్రభుత్వానికి. వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు రైల్లో రోజుల ప్రయాణం. ఆ దూరాన ఉన్న జనానికి దేశ ప్రభుత్వం కంటికి కనబడేది ఇలాంటి భవనాల రూపంలోనే. మద్రాసులో బ్రిటిష్ వాళ్ళు హైకోర్టుకు గుమ్మటాలు పెట్టించిన రోజులూ ఇంచుమించు ఇవే. ఇక్కడ ఎంచుకున్నది ఇటలీ రినైసెన్స్ కాలపు రాజభవనాల ధోరణి. బయట బరువైన రాతి గోడలు, లోపల కళ్ళు చెదిరే అలంకారం. స్టాంపు కొనడానికి వచ్చిన కూలీ కూడా ఆ పాలరాతి వసారాలోంచే నడిచి వెళ్ళేవాడు. ఆ ఒక్క సంగతి నాకు నచ్చుతుంది.

లోపల తప్పకుండా చూడాల్సింది ఏమిటి?

మొదటి అంతస్తులోని పొడవాటి వసారా. గోడలకు తెల్ల పాలరాయి, తల పైన కమానుల కప్పు మీద మొజాయిక్. తల ఎత్తి నెమ్మదిగా నడవండి, ఒక్కో చిన్న ముక్కా చేత్తో పొదిగినదే. తర్వాత పాత కోర్టు హాళ్ళు: రంగు రంగుల పాలరాతి స్తంభాలు, కప్పు మీద పళ్ళు, పూలు, రెక్కల పసిపిల్లలు. ముద్దాయి కుర్చీలో కూర్చుని పైకి చూస్తే ఏ చర్చిలోనో ఉన్నట్టుంటుంది. జడ్జి ఎంత చిన్న మనిషైనా ఆ నేపథ్యంలో పెద్దగా కనిపిస్తాడు. కట్టినవాళ్ళకు కావలసిందీ అదేననుకుంటా.

## 1906

1906 భూకంపానికి ఊరంతా కూలిపోయింది కదా, ఇదెలా నిలబడింది?

కట్టి ఏడాది కూడా కాలేదు. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున 5 గంటల 12 నిమిషాలకు భూమి కదిలింది. చుట్టూ పూడ్చిన నేల కిందికి దిగిపోయింది. భవనం పక్కనే మిషన్ స్ట్రీట్ అడుగుల లోతున కుంగి, కాలిబాట రాళ్ళు అలల్లా లేచాయి. ఆనాటి ఫోటోల్లో భవనం మెట్ల దగ్గరే రోడ్డు విరిగి పడి ఉంటుంది. లోపల పాలరాయి పగిలింది, మొజాయిక్ రాలింది. అయితే పునాది, ఉక్కు చట్రం, గ్రానైట్ గోడలు నిలిచాయి. భూకంపం కంటే ఎక్కువ నష్టం చేసింది ఆ తర్వాత మూడు రోజులు ఊరిని కాల్చిన మంటలే. వాటి నుంచి దీన్ని కాపాడింది మాత్రం రాయి కాదు, లోపలున్న గుమాస్తాలు.

పోస్టాఫీసు ఉద్యోగులు తడి సంచులతో మంట ఆర్పారంటారు, నిజమేనా?

నిజమే. నీళ్ళ గొట్టాలు పగిలిపోయి ఊళ్ళో ఫైర్ ఇంజన్లకే నీళ్ళు లేవు. చుట్టుపక్కల కట్టడాలన్నీ అంటుకున్నాయి. ఖాళీ చేసి పొమ్మని సైనికులు చెప్పినా కొద్దిమంది తపాలా ఉద్యోగులు కదల్లేదు. కిటికీల్లోంచి నిప్పు లోపలికి వచ్చిన చోటల్లా ఉత్తరాల సంచులు నీళ్ళలో ముంచి బాది ఆర్పారు. ఒక పక్క గదులు కొన్ని కాలాయి, భవనం మిగిలింది. ఇదే మిషన్ స్ట్రీట్ మీద ఫిఫ్త్ స్ట్రీట్ దగ్గరున్న టంకశాలను కూడా అక్కడి ఉద్యోగులే లోపలుండి కాపాడుకున్నారు. ఆ రెండింటి చుట్టూ మైళ్ళ కొద్దీ బూడిద.

స్టాంపు లేకుండా ఉత్తరాలు పంపారట, అదెలా?

మంటలు పూర్తిగా ఆరకముందే తపాలా మొదలైంది. నిలువ నీడ లేని జనం పార్కుల్లో గుడారాలు వేసుకుని ఉన్నారు. బతికే ఉన్నామని అయినవాళ్ళకు చెప్పడానికి కాగితం లేదు, కవరు లేదు, స్టాంపు కొనడానికి డబ్బు లేదు. స్టాంపు లేకపోయినా తీసుకుంటామని తపాలావాళ్ళు మోటారు కారులో తిరిగి చాటించారు. జనం ఏది దొరికితే దాని మీద రాసిచ్చారు: అట్టముక్కలు, చొక్కా కాలర్లు, చేతి పట్టీలు, పొట్లాం కాగితాలు, వార్తాపత్రికల అంచులు, పుస్తకంలో చింపిన పేజీలు, ఆఖరికి కర్రముక్కలు. అన్నీ దేశం నలుమూలలకూ వెళ్ళాయి. స్టాంపుల సేకరణ చేసేవాళ్ళు ఇప్పటికీ ఆ ఉత్తరాల కోసం వెతుకుతుంటారు.

ఒక పక్క భాగం మిగతా భవనంలా లేదేమిటి?

అది తర్వాత చేర్చింది. భూకంపం మరమ్మతులు 1910 దాకా సాగాయి. అసలు భవనం ఆంగ్ల అక్షరం "యు" ఆకారంలో, మధ్యలో ఉత్తరాలు వేరుచేసే పెద్ద హాలు పెట్టుకుని ఉండేది. చోటు చాలక 1930లలో తూర్పున మరో భాగం కట్టి నాలుగో వైపు మూసేశారు. దాని ఆర్కిటెక్టు జార్జ్ కెల్హమ్. అప్పటికి అమెరికాలో అభిరుచి మారి ఆర్ట్ డెకో అనే శైలి వచ్చింది కాబట్టి లోపలి హంగు తగ్గి గీతలు సూటిగా మారాయి. బయట మాత్రం పాతదానితో కలిసిపోయేలా జాగ్రత్తపడ్డారు.

## ఇక్కడ జరిగిన విచారణలు

గదర్ పార్టీ విచారణ ఇక్కడేనా? కోర్టు హాల్లోనే కాల్చి చంపారని విన్నాను.

ఇక్కడే. చరిత్రలో దీన్ని హిందూ-జర్మన్ కుట్ర కేసు అంటారు. ముద్దాయిలైన గదర్ సభ్యుల్లో పంజాబీ సిక్కులు చాలామంది ఉన్నారు, పేరు మాత్రం అలా పడింది. 1917 నవంబరు 20న జడ్జి విలియం వాన్ ఫ్లీట్ ముందు మొదలై ఐదు నెలలు నడిచింది. నూటికి పైగా మనుషుల మీద అభియోగాలు మోపారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జర్మన్ కాన్సల్ జనరల్‌గా ఉన్న ఫ్రాంజ్ బోప్ కూడా ముద్దాయే.

అప్పటికే పార్టీ రెండుగా చీలింది. "గదర్" పత్రిక నడిపిన రామచంద్ర పార్టీ డబ్బు తినేశాడని, ఉద్యమానికి ద్రోహం చేశాడని ఒక వర్గం మండిపడుతోంది. 1918 ఏప్రిల్ నెలాఖరులో, విచారణ ముగిసే వేళ, తోటి ముద్దాయి రామ్ సింగ్ దాచి తెచ్చిన పిస్తోలు తీసి కోర్టు హాల్లోనే రామచంద్రను కాల్చాడు. హాలు అవతలి వైపున్న, కోర్టు భద్రత చూసే యు.ఎస్. మార్షల్ జేమ్స్ హోలొహాన్ లాయర్ల తలల మీదుగా గురిపెట్టి రామ్ సింగ్‌ను కాల్చేశాడు. క్షణాల్లో రెండు శవాలు. ఆ తర్వాత జ్యూరీ 29 మందిని దోషులుగా తేల్చింది.

వేసిన శిక్షల్లో పెద్దది రెండేళ్ళు. ముద్దాయిల్లో ఒకరైన బెంగాలీ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌కు 22 నెలలు పడ్డాయి. ఇదే ఉద్యమం పేరిట లాహోర్‌లో బ్రిటిష్ ప్రభుత్వం ఉరితీతలు, అండమాన్ శిక్షలు విధిస్తున్న రోజులవి. ఆ లెక్కన శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టు దయగా ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే ఈ కేసు సాక్ష్యాల సేకరణలో బ్రిటిష్ గూఢచారుల చెయ్యి చాలా ఉందని కూడా గుర్తుంచుకోవాలి.

బ్రిటిష్ వాళ్ళ మీద తిరుగుబాటు చేస్తే అమెరికాలో నేరం ఎలా అయింది?

తిరుగుబాటు కోరుకోవడం నేరం కాదు. అమెరికా నేల మీద నుంచి, ఆ దేశంతో స్నేహంగా ఉన్న మరో దేశం మీదికి సైనిక దండయాత్ర సిద్ధం చేయడం నేరం. దాన్ని తటస్థ చట్టాలు నిషేధించాయి. ఇక్కడి ఆధారం ఓడలు. జర్మన్ల డబ్బుతో కొన్న తుపాకుల్ని 1915లో శాన్‌డియేగోలో "ఆనీ లార్సన్" అనే నౌకకెక్కించారు. మెక్సికో తీరాన సొకోరో దీవి దగ్గర "మావెరిక్" అనే మరో ఓడ వచ్చి వాటిని అందుకుని ఆసియాకు చేర్చాలి. ఒకటి వచ్చి ఎదురుచూసి నీళ్ళు అయిపోయి వెళ్ళిపోయాక రెండోది వచ్చింది. ఆయుధాలు తిరిగి తిరిగి చివరికి వాషింగ్టన్ రాష్ట్రంలో పట్టుబడ్డాయి. రెండేళ్ళ పాటు అమెరికా ప్రభుత్వం పెద్దగా పట్టించుకోలేదు. 1917 ఏప్రిల్‌లో తానే జర్మనీ మీద యుద్ధంలోకి దిగాక పాత కాగితాలన్నీ బయటికొచ్చాయి.

గదర్ పార్టీలో తెలుగువాళ్ళు ఉన్నారా? ఈ కేసులో ఉన్నారా?

పార్టీలో ఉన్నారు. కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య గారు 1912లో చదువు కోసం అమెరికా వచ్చి, కాలిఫోర్నియాలో గదర్ ఉద్యమంలో చేరారు. బర్మా వైపు నుంచి తిరుగుబాటు లేవదీసే పథకంలో భాగంగా సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) వెళ్ళి అక్కడ పట్టుబడ్డారు. బ్రిటిష్ వాళ్ళకు అప్పగించడంతో ఆయన జైలుశిక్ష మన దేశంలో గడిచింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో విచారణ నడిచేనాటికి ఆయన ఈ గడ్డ మీద లేరు, కాబట్టి ఈ బోను ఎక్కలేదు. తిరిగి వచ్చాక సంఘ సంస్కరణ పనుల్లో దిగి, ఆత్మకథ కూడా రాశారు. బే ఏరియాలో ఇన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయి గానీ ఆయన పేరెత్తితే "ఎవరాయన?" అనేవాళ్ళే ఎక్కువ.

భగత్ సింగ్ తింద్ కేసుకూ ఈ భవనానికీ సంబంధం ఏమిటి?

ఈయన ఉరికంబమెక్కిన భగత్ సింగ్ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్ళకు, ఆఫ్రికా సంతతివాళ్ళకు తప్ప వలస వచ్చినవాళ్ళకు పౌరసత్వం ఇవ్వరు. 1920లో ఆరెగాన్‌లోని ఫెడరల్ జడ్జి తింద్‌కు పౌరసత్వం ఇచ్చాడు. ప్రభుత్వం అప్పీలు చేసింది. ఆరెగాన్ అప్పీళ్ళు వచ్చేది నైన్త్ సర్క్యూట్‌కే, దాని పీఠం ఈ భవనం. ఇక్కడి జడ్జీలు తామే తేల్చకుండా, పంజాబ్‌లో పుట్టిన అగ్రకుల హిందువు చట్టం దృష్టిలో తెల్లవాడేనా అని సుప్రీంకోర్టుకు ప్రశ్న రాసి పంపారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. ఆ తీర్పు పట్టుకుని ప్రభుత్వం అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయుల మీద రద్దు కేసులు వేసింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనవాళ్ళకు ఆ తలుపు మూసే ఉంది.

రద్దు కేసుల్లో గెలిచిన భారతీయులెవరైనా ఉన్నారా?

ఉన్నారు: సఖారామ్ గణేశ్ పండిత్. లాస్ ఏంజెలెస్‌లో లాయరు, సుప్రీంకోర్టులో తింద్ తరఫున వాదించింది ఆయనే. తింద్ ఓడిపోగానే ప్రభుత్వం పండిత్ పౌరసత్వం మీదే పడింది. ఆయన వాదన తెలివైనది. జాతి గురించి మాట్లాడకుండా, "1914లో నాకు పౌరసత్వం ఇచ్చినప్పుడు మీకు అభ్యంతరం ఉంటే అప్పుడే అప్పీలు చేసుకోవాల్సింది, మీ మాట నమ్మి నా జీవితం ఇక్కడ కట్టుకున్నాను" అన్నది దాని సారాంశం. కింది కోర్టు ఒప్పుకుంది. 1926లో నైన్త్ సర్క్యూట్ కూడా ఆయన పక్షానే తీర్పిచ్చింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. దాంతో మిగతా భారతీయుల మీద కేసులు చల్లబడ్డాయి. ఈ కోర్టు చరిత్రలో మనవాళ్ళు బోర్డు పెట్టుకుని గుర్తుంచుకోవాల్సిన తీర్పు ఏదైనా ఉంటే ఇదే. తింద్ పేరు తెలిసినంతగా పండిత్ పేరు తెలియకపోవడం అన్యాయం.

కొరెమాత్సు కేసు ఇక్కడ జరిగిందా?

మొదటి విచారణ ఇక్కడి జిల్లా కోర్టులో, 1942 సెప్టెంబరులో. ఫ్రెడ్ కొరెమాత్సు ఓక్లాండ్‌లో పుట్టిన అమెరికా పౌరుడు, వెల్డర్. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి తర్వాత పశ్చిమ తీరంలోని జపనీస్ సంతతివాళ్ళందర్నీ శిబిరాలకు తరలిస్తుంటే పోనన్నాడు. కోర్టు దోషి అని ఐదేళ్ళ ప్రొబేషన్ విధించింది. అంటే జైలు లేదు. అయినా బయటికి రాగానే సైనిక పోలీసులు పట్టుకుపోయారు. 1943లో నైన్త్ సర్క్యూట్, 1944లో 6-3 తేడాతో సుప్రీంకోర్టు ఆ శిక్షను సమర్థించాయి. ప్రభుత్వం ముఖ్యమైన నివేదికల్ని కోర్టుకు చూపకుండా దాచిందని బయటపడ్డాక, 1983లో శాన్‌ఫ్రాన్సిస్కో జిల్లా జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ ఆ దోష నిర్ధారణను కొట్టేశారు. అప్పటికి నలభై ఏళ్ళు గడిచాయి.

"టోక్యో రోజ్" అంటే ఎవరు? ఆమెకు ఇక్కడ శిక్ష పడిందా?

యుద్ధకాలంలో రేడియో టోక్యో నుంచి ఆంగ్లంలో మాట్లాడిన ఆడగొంతులన్నిటికీ అమెరికా సైనికులు పెట్టుకున్న పేరది. ఆ పేరుతో నిజంగా ఎవరూ లేరు. ఆ పేరు నెత్తిన పడింది ఐవా తొగూరికి. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఆమె 1941లో జబ్బుపడిన పిన్నిని చూడ్డానికి జపాన్ వెళ్ళి యుద్ధంతో ఇరుక్కుపోయింది. జపాన్ అధికారులు ఒత్తిడి చేసినా అమెరికా పౌరసత్వం వదులుకోలేదు. పొట్టకూటికి రేడియోలో పనిచేసింది. ఆ పౌరసత్వం వల్లే ఆమె మీద దేశద్రోహం కేసు పెట్టగలిగారు. 1949 జులై నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ విచారణ. ఎనిమిది ఆరోపణల్లో ఏడు వీగిపోయాయి, ఒక్కటి నిలిచింది. పదేళ్ళ జైలు, పదివేల డాలర్ల జరిమానా. ఆరేళ్ళకు పైగా జైల్లో ఉంది. తమ చేత అబద్ధం చెప్పించారని ముఖ్య సాక్షులు 1976లో ఒక విలేకరికి చెప్పారు. 1977 జనవరిలో అధ్యక్షుడు ఫోర్డ్, పదవి దిగిపోయే ముందు రోజు, ఆమెకు క్షమాభిక్ష ఇచ్చారు. ఆ కోర్టు హాల్లో కప్పు మీద పూలదండల్ని చూస్తూ ఆమె పన్నెండు వారాలు కూర్చుంది.

## 1989 తర్వాత

1989లో ఎందుకు మూసేశారు? కూల్చేద్దామనుకున్నారా?

1989 అక్టోబరు 17 సాయంత్రం లోమా ప్రియెటా భూకంపం వచ్చింది, తీవ్రత 6.9. భవనం పడలేదు గానీ మనుషులు ఉండదగ్గదిగా మిగల్లేదు. కోర్టు వేరే చోటికి తరలిపోయింది. 1971 నుంచీ జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉన్న కట్టడం కాబట్టి కూల్చడం అంత తేలిక కాదు. మామూలు పద్ధతిలో గట్టిపరచాలంటే లోపల మందపాటి కాంక్రీటు గోడలు లేపాలి, అంటే దేనికోసమైతే దీన్ని కాపాడాలో ఆ పాలరాయి, మొజాయిక్ తవ్వి పారేయాలి. అందుకే పైన చెయ్యి పెట్టకుండా కింద నుంచి పని చేశారు. 1996లో మళ్ళీ తెరిచారు, 9 కోట్ల డాలర్లకు పైగా అయింది.

స్తంభాలు కోసి కింద చక్రాలు పెట్టారంటారు, నిజమా?

కోసిన మాట నిజం, చక్రాలు కాదు. నేలమాళిగలో ఒక్కో స్తంభం బరువును జాకీల మీదికి మార్చి, స్తంభాన్ని అడ్డంగా కోసి, ఆ సందులో ఐసొలేటర్ బిగించారు. అలాంటివి 256. ఒక్కోదానిలో లోతు తక్కువగా ఉన్న ఉక్కు పళ్ళెం, దాని మీద జారే దిమ్మ ఉంటాయి. నేల కదిలినప్పుడు మూకుట్లో గోళీలాగా దిమ్మ పక్కకు జారి, బరువు వల్ల మళ్ళీ మధ్యలోకి వస్తుంది. నేల జోరుగా ఊగినా పైనున్న భవనం నిదానంగా ఊగుతుంది. భవనం అలా పక్కకు జరగడానికి చుట్టూ ఖాళీ కందకం కూడా ఉంది. ఇదంతా జరుగుతున్నప్పుడు పైన మొజాయిక్ చెదరకూడదు. జాకీ ఒక మిల్లీమీటరు ఎక్కువ లేపినా పగుళ్ళొచ్చే పని అది. ఈ భవనంలో నన్నడిగితే ఇటలీ పనివాళ్ళకు సమానంగా మెచ్చుకోవాల్సింది ఈ నేలమాళిగ పనివాళ్ళనే.

## ఇప్పుడు

జేమ్స్ బ్రౌనింగ్ ఎవరు?

మోంటానా రాష్ట్రం వాడు. 1961 జనవరిలో కెనెడీ అధ్యక్షుడిగా ప్రమాణం చేస్తున్నప్పుడు బైబిల్ పట్టుకుని నిలబడ్డది ఈయనే, అప్పుడు సుప్రీంకోర్టు క్లర్కు. అదే ఏడాది కెనెడీ నైన్త్ సర్క్యూట్ జడ్జిగా వేశారు. 1976 నుంచి 1988 దాకా చీఫ్ జడ్జి. కోర్టు మరీ పెద్దదైపోయింది, రెండుగా చీల్చాలని రాజకీయ నాయకులు పట్టుబట్టిన కాలంలో దాన్ని ఒకటిగా నిలిపారన్న పేరుంది. 2005లో భవనానికి ఆయన పేరు పెట్టారు, అప్పటికి బతికే ఉన్నారు. 2012లో పోయారు. అదే ఏడాది భవనం జాతీయ చారిత్రక చిహ్నం హోదా పొందింది.

నైన్త్ సర్క్యూట్ అంటే మన హైకోర్టు లాంటిదా?

కొంతవరకు. ఫెడరల్ జిల్లా కోర్టుల తీర్పుల మీద అప్పీలు ఇక్కడికి వస్తుంది, దీని పైన సుప్రీంకోర్టే. కానీ ఒక రాష్ట్రానికి కాదు, తొమ్మిది రాష్ట్రాలకు: కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్, నెవాడా, ఆరిజోనా, ఐడహో, మోంటానా, అలాస్కా, హవాయి. గువామ్, ఉత్తర మరియానా దీవులు అదనం. 29 జడ్జి పదవులు, దేశంలోని అప్పీళ్ళ కోర్టుల్లో ఇదే పెద్దది. మామూలుగా ముగ్గురు కూర్చుని వింటారు. ముఖ్యమైనవి మళ్ళీ పదకొండు మంది వింటారు. సాక్షులు, జ్యూరీ ఉండరు, లాయర్ల వాదనలే.

నా గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూ, సిటిజన్‌షిప్ ప్రమాణం ఇక్కడేనా?

కాదు. అవి ఇమిగ్రేషన్ శాఖ ఆఫీసు చూసుకుంటుంది, మీకొచ్చిన నోటీసు మీద ఉన్న అడ్రసే చూడండి. దేశం నుంచి పంపేసే కేసులు వినే ఇమిగ్రేషన్ కోర్టు కూడా వేరు. అక్కడ ఓడి, ఆ పై బోర్డులోనూ ఓడితే అప్పుడు నైన్త్ సర్క్యూట్‌కు రావచ్చు. ఈ కోర్టు పనిలో అలాంటి కేసులు చాలా పెద్ద భాగం.

భారతీయ మూలాలున్న జడ్జీలు ఉన్నారా?

రూపాలీ దేశాయ్. ఆరిజోనాలో లాయరుగా పనిచేసి 2022లో నియమితులయ్యారు. ఈ కోర్టులో దక్షిణాసియా మూలాలున్న తొలి జడ్జి ఆమే.

ఎదురుగా రేకులు కప్పినట్టున్న ఎత్తు భవనం కూడా కోర్టేనా?

కాదు, అది ఫెడరల్ ఆఫీసు భవనం. ఆర్కిటెక్టు థామ్ మేన్ నమూనా, 2007లో తెరిచారు, 18 అంతస్తులు. ఇప్పుడు దానికి ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ నాన్సీ పెలోసీ పేరు ఉంది. టాక్సీవాళ్ళు రెండింటినీ కలిపేస్తుంటారు. కోర్టు అడ్రసు 95 సెవెంత్ స్ట్రీట్, దానిది 90.

లోపలికి మామూలు జనాన్ని రానిస్తారా?

రానిస్తారు. వాదనలు బహిరంగంగానే జరుగుతాయి, టికెట్ ఉండదు. పనిదినాల్లో ఉదయం వెళ్ళండి. గుమ్మంలో ఎయిర్‌పోర్టు తరహా తనిఖీ ఉంటుంది, జేబుకత్తులూ అవీ ఇంట్లోనే వదిలేయండి. వాదనలు నెలలో అన్ని రోజులూ ఉండవు కాబట్టి ముందుగా కోర్టు వెబ్‌సైట్‌లో క్యాలెండరు చూసుకోండి. ఒక్కో పక్షానికి దొరికేది పది నుంచి ఇరవై నిమిషాలే, అందులోనూ సగం జడ్జీల ప్రశ్నలకే పోతుంది. లేచి బయటికి రావాలంటే కేసుకూ కేసుకూ మధ్య రండి. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు కోర్టు యూట్యూబ్ చానెల్లో ప్రత్యక్ష ప్రసారం చూడొచ్చు, పాతవీ ఉంటాయి. కెమెరా జడ్జీలనూ లాయర్లనూ మాత్రమే చూపిస్తుంది, మొజాయిక్ చూడాలంటే సెవెంత్ స్ట్రీట్‌కు రావలసిందే.